పాత వాననీటి మోడల్‌ను కొత్త సాఫ్ట్‌వేర్‌లోకి తేవడం ఎలా?

రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి, జయపురం, బరంపురం. ఒడిశా సరిహద్దులోని ఈ ఊళ్లలో దేనికైనా వాననీటి కాలువల పథకం ఒకటి, దానికో మోడల్ (వాన పడితే ఏ కాలువలో ఎంత నీరు పారుతుందో కంప్యూటర్‌లో లెక్కకట్టే ఫైలు) ఎప్పుడో ఒకప్పుడు తయారయ్యే ఉంటాయి. డ్రాయింగులు బీరువాలో ఉంటాయి, ఫైళ్లు గీతలు పడిన సీడీలో ఉంటాయి, లెక్కలు కట్టినవారు బదిలీ మీద ఎక్కడో ఉంటారు. ఇప్పుడు అదే ఊరికి కొత్త పథకం వస్తుంది. "పాత మోడల్ ఉంది కదా, కొత్త సాఫ్ట్‌వేర్‌లో తెరిచి పని కానివ్వండి" అని ఒక్క మాటలో అప్పగిస్తారు. రెండు రోజులు గడిచాక "సార్, ఫైలు తెరుచుకుంది, రన్ కూడా అయింది" అని కుర్ర ఇంజనీరు సంబరంగా చెబుతాడు. తెరుచుకోవడానికేం, తెరుచుకుంటుంది. తెరుచుకున్నది ఆ పాత మోడలేనా, దాని పేరుతో ఉన్న మరొకటా అన్నది తేల్చడమే అసలు పని.

అందుకు నేను పాటించే పద్ధతి ఒక్కటే. పాత మోడల్ ఆనాడు ఏ జవాబు చెప్పిందో, ముందు అదే జవాబును కొత్త సాఫ్ట్‌వేర్ చేత చెప్పించాలి. ఆ జవాబు తప్పని మీకు తెలిసినా సరే, ముందు అదే రావాలి. దిద్దుబాట్లన్నీ ఆ తర్వాతే. ఫైలు మార్చడం, మోడల్‌ను బాగుచేయడం అనే రెండు పనులను కలిపి చేస్తే, చివర్లో అంకె మారినప్పుడు ఎందుకు మారిందో చెప్పలేని స్థితిలో పడతారు.

ఇక్కడ ఉదాహరణలన్నీ ఎస్‌డబ్ల్యూఎంఎం ఆధారంగా రాస్తున్నాను. అందరం స్విమ్ అని పిలిచేది దాన్నే. అమెరికా పర్యావరణ సంస్థ ఈపీఏ 1971లో తెచ్చిన ఈ ప్రోగ్రామ్ ఉచితం. మార్కెట్లో ఖరీదు పెట్టి కొనే సాఫ్ట్‌వేర్లలో చాలా వాటికి లోపల ఇంజను ఇదే, లేదా దీని ఫైలును చదవగలిగినవి. ఫైల్లోని శీర్షికలు, ఆదేశాలు ఇంగ్లీషులోనే ఉంటాయి, ఇక్కడ వాటిని పలికే తీరులో రాశాను.

ముందు ఏమేమి పోగుచేయాలి

అందరూ మొదట మోడల్ ఫైలు కోసం వెతుకుతారు. మీరు ముందు ఫలితాల నివేదిక కోసం వెతకండి. స్విమ్‌లో అది ఆర్‌పీటీ అనే కొసతో ఉంటుంది, మామూలు నోట్‌ప్యాడ్‌లో తెరుచుకుంటుంది. అది లేకపోతే పాత డీపీఆర్ (పథకం సమగ్ర నివేదిక) అనుబంధంలో అచ్చు వేసిన ఫలితాల పట్టికలు ఉంటాయి, వాటిని ఫొటో తీసుకోండి. మోడల్ ఫైలు ఉండి ఫలితాలు లేకపోతే, మీరు చేసిన మార్పిడి సరైనదో కాదో చెప్పే సాక్షి ఉండడు.

ఆర్‌పీటీ ఫైలు పైవరుసలోనే ఏ వెర్షన్‌తో ఆ రన్ చేశారో బిల్డ్ నంబరుతో సహా రాసి ఉంటుంది. 5.0.022 అనో, 5.1.015 అనో కనిపిస్తుంది. దాన్ని ఒక కాగితం మీద రాసుకోండి, ముందుముందు అవసరం.

మోడల్‌తో పాటు బయటి వర్షపు ఫైలు, వెనక పెట్టిన మ్యాపు చిత్రం, హాట్‌స్టార్ట్ ఫైలు (ముందు రన్ ముగిసిన స్థితి నుంచి మొదలుపెట్టేందుకు వాడేది) వంటివి వేరుగా ఉంటాయి. మోడల్ ఫైల్లో వాటి దారి "డి డ్రైవ్‌లో ఫలానా ఫోల్డరు" అని రాసి ఉంటుంది, ఆ కంప్యూటర్ ఎప్పుడో తుక్కులోకి పోయి ఉంటుంది. అందుకే సీడీలో ఉన్నదంతా, పనికిరాదనిపించినది కూడా, మొత్తంగా కాపీ చేసుకోండి. ఆ కాపీని చదవడానికి మాత్రమే వీలుండేలా పెట్టి, ఇంకో కాపీ మీద పని చేయండి.

చేతిలో ఉన్నది ఏ రకం ఫైలు

స్విమ్ 5 ఫైలైతే మీ అదృష్టం. 2004లో వచ్చిన ఆ వెర్షన్‌తో చేసిన ఏ మోడలైనా ఐఎన్‌పీ అనే సాదా టెక్స్ట్ ఫైలు. నోట్‌ప్యాడ్‌లో తెరిస్తే చదరపు బ్రాకెట్లలో టైటిల్, ఆప్షన్స్, రెయిన్‌గేజెస్, సబ్‌క్యాచ్‌మెంట్స్, జంక్షన్స్, కాండ్యూట్స్ అని విభాగాలు వరుసగా కనిపిస్తాయి. కొత్త 5.2 వెర్షన్ దీన్ని నేరుగా చదువుతుంది.

స్విమ్ 4 ఫైలైతే రన్‌ఆఫ్, ఎక్స్‌ట్రాన్ అని బ్లాకులుగా ఉండి, ప్రతి వరుస మొదట్లో ఏ1, బీ1 వంటి కార్డు పేర్లు కనిపిస్తాయి. దీన్ని 5కు మార్చే చిన్న ప్రోగ్రామ్ ఈపీఏదే ఉంది. అయితే అది మార్చి ఇచ్చిన ఫైలును నమ్మి ఊరుకోకండి, ప్రతి విభాగంలోని వరుసల సంఖ్యను పాత ఫైలుతో సరిపోల్చండి. డాస్ కాలపు ప్రోగ్రామ్‌నే ఒకసారి నడిపి చూడాలంటే ఇప్పటి 64 బిట్ విండోస్ ఒప్పుకోదు, డాస్‌బాక్స్ వేసుకోవాలి.

ఖరీదైన సాఫ్ట్‌వేర్ సొంత ఫైలైతే లోపల ఏముందో బయటినుంచి కనిపించదు. లైసెన్సు ఉన్న స్నేహితుడి కంప్యూటర్‌లో తెరిచి, అక్కడినుంచి స్విమ్ 5 ఐఎన్‌పీగా ఎగుమతి చేయించుకోవడమే మేలైన దారి. ఆటోడెస్క్ వారి స్టార్మ్ అండ్ శానిటరీ అనాలిసిస్‌లో ఆ సదుపాయం ఉంది. కానీ అలా బయటికి తెచ్చేటప్పుడు కొన్ని వివరాలు రాలిపోతాయి. ముఖ్యంగా రోడ్డు మీది నీటిని కాలువలోకి దించే రోడ్డు పక్క జాలీల వివరాలు. స్విమ్ 5.1 దాకా ఫైల్లో వాటికి చోటే లేదు, 5.2లోనే వచ్చింది. కాబట్టి ఎగుమతి చేసే ముందు పాత సాఫ్ట్‌వేర్ తెర మీది జాలీల పట్టికను వేరే స్ప్రెడ్‌షీటుగా దింపుకోండి.

ఇక నాలుగో రకం, మన చిన్న పురపాలికల్లో ఎక్కువగా దొరికేది. మోడల్ అంటారు గానీ తెరిస్తే ఎక్సెల్ షీటు. రేషనల్ సూత్రం, అంటే రన్‌ఆఫ్ గుణకం (కురిసిన వానలో కాలువకు చేరే వంతు), గంటకు మిల్లీమీటర్లలో వాన తీవ్రత, హెక్టార్లలో విస్తీర్ణం, ఈ మూడింటినీ గుణించి 360తో భాగిస్తే సెకనుకు ఘనపు మీటర్లు. ఇందులో ఎలాంటి మార్పిడీ లేదు, కొత్తగా మోడల్ కట్టడమే. కాలువ పొడవులు, కొలతలు, మట్టాలు తీసుకోండి. రన్‌ఆఫ్ గుణకాన్ని మాత్రం ముట్టుకోకండి. 0.8 అని ఉంటే 80 శాతం కప్పబడిన నేల అని నేరుగా స్విమ్‌లో రాసేవారిని చూస్తుంటాం. ఆ గుణకంలో నేల ఇంకుడు, గుంటల్లో నిలిచే నీరు, వాలు అన్నీ కలిసిపోయి ఉన్నాయి. స్విమ్ వాటిని విడివిడిగా లెక్కిస్తుంది. ఇళ్లు, సిమెంటు రోడ్లు కప్పిన భాగం ఎంతో ఉపగ్రహ చిత్రం మీద కొలిచి రాయడమే పద్ధతి.

పాత ఇంజనుతో ఒకసారి నడపండి

కొత్త వెర్షన్‌లో తెరవడానికి ముందే పాత వెర్షన్‌ను కూడా కంప్యూటర్‌లో వేసుకోండి, రెండూ పక్కపక్కనే ఉండగలవు. కాగితం మీద రాసుకున్న బిల్డ్ నంబరుకు వీలైనంత దగ్గరి వెర్షన్‌తో పాత ఐఎన్‌పీని నడిపి, వచ్చిన నివేదికను సీడీలోని నివేదికతో పోల్చండి. రెండూ ఒకటే అయితే మీ చేతిలో ఉన్నది నిజంగా ఆ డీపీఆర్ వెనక ఉన్న మోడలే. కాకపోతే సీడీలో ఉన్నది చివరి ఫైలు కాదు, మధ్యలో ఎప్పటిదో. "ఫైనల్", "ఫైనల్2", "ఫైనల్ కొత్తది" అని మూడు ఫైళ్లు పక్కపక్కనే ఉండటం మనకు కొత్త కాదు. ఈ అనుమానం ఇక్కడే తీరాలి, కొత్త సాఫ్ట్‌వేర్‌లోకి వెళ్లాక ఇక తీరదు.

ఇప్పుడు అదే ఐఎన్‌పీని 5.2లో తెరవండి. తెరిచిన వెంటనే కింది పట్టీలో ఆటో లెంగ్త్ ఆపి ఉందో లేదో చూడండి. అది పనిచేస్తూ ఉంటే మీరు మ్యాపు మీద ఒక మ్యాన్‌హోల్‌ను కాస్త జరిపినా దానికి తగిలిన కాలువల పొడవులు, ఉపక్షేత్రాల (ఒక్కో మ్యాన్‌హోల్‌కు నీరు పంపే నేల ముక్కల) విస్తీర్ణాలు చెప్పాపెట్టకుండా మారిపోతాయి. ఆపేయండి.

మొదటి రన్‌లో ఏ అమరికా మార్చకండి. పాత మోడల్ కైనమాటిక్ వేవ్ (నీరు వాలు వెంట కిందికే పారుతుందనుకునే సులువైన లెక్క) మీద ఉంటే అలాగే ఉండనివ్వండి. ఆ రోజుల్లో కంప్యూటర్ల వేగం చూసి చాలామంది దాన్నే వాడారు. రాయగడ, జయపురం వంటి వాలున్న ఊళ్లలో అది కొంత నప్పుతుంది కూడా. వెనక్కి తన్నే నీటిని కూడా లెక్కించే డైనమిక్ వేవ్‌కు మారడం దిద్దుబాటు కిందికి వస్తుంది, దాని వంతు తర్వాత.

కొలమానాలు, మట్టాలు

ఆప్షన్స్ విభాగంలో ఫ్లో యూనిట్స్ అనే వరుస చూడండి. సీఎఫ్ఎస్ అని ఉంటే మోడల్ మొత్తం అడుగులు, ఎకరాలు, అంగుళాల్లో ఉంది. సీఎంఎస్ లేదా ఎల్‌పీఎస్ అని ఉంటే మీటర్లు, హెక్టార్లు, మిల్లీమీటర్లు. ఆ వరుసను మార్చితే సాఫ్ట్‌వేర్ అంకెలన్నీ తానే మార్చుకుంటుందని అనుకోవద్దు. అది పేరు మాత్రమే మారుస్తుంది. 3 అడుగుల కాలువ 3 మీటర్ల కాలువ అయి కూర్చుంటుంది. పాత పద్దుల్లో క్యూసెక్కుల అలవాటు ఇంకా ఉన్నవారికి గుర్తుండటానికి: ఒక క్యూమెక్ (సెకనుకు ఒక ఘనపు మీటరు) 35.31 క్యూసెక్కులు, ఒక ఎకరం 0.4047 హెక్టారు. మార్చాల్సి వస్తే స్ప్రెడ్‌షీటులో విభాగాల వారీగా మార్చండి, అది కూడా ఒకసారి పాత కొలమానాల్లోనే జవాబు సరిపోయిన తర్వాత.

తర్వాత లింక్ ఆఫ్‌సెట్స్ అనే వరుస. ఇది చిన్నదే గానీ ఎక్కువ మందిని బోల్తా కొట్టించేది ఇదే. కాలువ గొట్టం మ్యాన్‌హోల్ అడుగు నుంచి ఎంత ఎత్తులో కలుస్తుందో రెండు రకాలుగా రాయవచ్చు: అడుగు నుంచి లోతుగా గానీ, సముద్ర మట్టం నుంచి ఎత్తుగా గానీ. మ్యాన్‌హోల్ అడుగు మట్టం 87.40 అనుకోండి, గొట్టం దానికి 15 సెంటీమీటర్లు పైన కలుస్తోంది. డెప్త్ పద్ధతిలో 0.15 అని రాస్తారు, ఎలివేషన్ పద్ధతిలో 87.55 అని. లోపల 0.15 ఉండి పైన ఎలివేషన్ అని ఉంటే, గొట్టం మ్యాన్‌హోల్ అడుగుకు 87 మీటర్ల కింద ఉందని ప్రోగ్రామ్ అర్థం చేసుకుంటుంది. ఆగిపోతుందా అంటే ఆగదు. హెచ్చరిక 03 అని ఒక వరుస నివేదికలో రాసి, ఆ తేడాను పట్టించుకోకుండా గొట్టాన్ని అడుగుకు దించి ముందుకు పోతుంది. రన్ చక్కగా పూర్తవుతుంది.

అందుకే రన్ అయిందనే మాటకు విలువ ఇవ్వకుండా నివేదిక మొదటి పేజీలోని హెచ్చరికలను చదవండి. 02 అంటే ఒక నోడ్‌కు (మ్యాన్‌హోల్ వంటి కలయిక చోటుకు) మీరిచ్చిన గరిష్ఠ లోతు కన్నా దానికి తగిలిన గొట్టం పైభాగం ఎత్తుగా ఉంది, కాబట్టి ఆ లోతును ప్రోగ్రామ్ తనంతట తానే పెంచుకుంది. మామూలు మాటల్లో, నేల మట్టాన్ని ఎత్తేసింది. అక్కడ నిజంగా రోడ్డు మీదికి నీరు వచ్చే చోట మోడల్‌లో నీరు రాదు. ప్రతి వానకూ మునిగే వీధి మోడల్‌లో పొడిగా కనిపిస్తే ముందు ఈ 02 కోసం చూడండి. 04 అంటే కాలువ రెండు చివర్ల మట్టాల్లో తేడా దాదాపు లేదు, కనీస తేడా ఒకటి అది పెట్టుకుంది. ఈ హెచ్చరికలు పాత నివేదికలోనూ ఉంటే ఇప్పటికి అలాగే ఉంచండి. పాతదాంట్లో లేనివి కొత్తగా వస్తే మాత్రం మార్పిడిలో ఏదో జారిపోయినట్టే.

మట్టాల విషయంలో మన ఊళ్లకు ఇంకో చిక్కు ఉంది. పాత సర్వేల్లో చాలావాటికి సముద్ర మట్టంతో సంబంధం లేదు. ఏదో కల్వర్టు గోడ మీదో, గుడి మెట్టు మీదో 100.000 అని అనుకుని అక్కడినుంచి లెవెలింగ్ చేసి ఉంటారు. రెండు వార్డులను రెండు సార్లు సర్వే చేస్తే 100.000 అనుకున్న చోట్లు కూడా రెండు ఉంటాయి. ఆ రెండూ కలిసే చోట కాలువ ఉన్నట్టుండి మూడు మీటర్లు పైకి ఎక్కుతుంది. పైనుంచి కిందికి ఒక ప్రధాన కాలువ ప్రొఫైల్ గీసి చూస్తే ఇలాంటి మెట్టు వెంటనే కంటబడుతుంది.

ఉపగ్రహ సంకేతాలతో చేసే ఇప్పటి డీజీపీఎస్ సర్వే దానికి మరొకటి కలుపుతుంది. యంత్రం నేరుగా ఇచ్చేది ఎలిప్సాయిడ్ (లెక్కల కోసం భూమికి అనుకున్న నున్నటి ఆకారం) నుంచి ఎత్తు, సముద్ర మట్టం నుంచి ఎత్తు కాదు. మన దేశంలో ఈ రెండింటికీ తేడా పదుల మీటర్లు. గోపాలపురం తీరం వైపు పాయింట్లన్నీ మైనస్‌లో కనిపిస్తే సర్వేయరు మీద విరుచుకుపడకండి, జియాయిడ్ సవరణ చేసిన, అంటే సముద్ర మట్టానికి మార్చిన కాలమ్ ఇవ్వమని అడగండి. పాత మట్టాలు, కొత్త మట్టాలు ఒకే ఫైల్లో కలపకముందే రెండు సర్వేల్లోనూ ఉన్న నాలుగైదు పాయింట్లు పట్టుకుని తేడా స్థిరంగా ఉందో లేదో చూడండి. స్థిరంగా ఉంటే ఒక్క అంకె కలిపితే చాలు. లేకపోతే మళ్లీ లెవెల్ యంత్రం పట్టుకుని వెళ్లాల్సిందే.

84 డిగ్రీల గీత

పటం మీద మోడల్‌ను కొత్త ఉపగ్రహ చిత్రంతో సరిపెట్టేటప్పుడు ఈ ప్రాంతంలోనే వచ్చే సమస్య ఒకటుంది. పటాల కోసం భూమిని నిలువు పట్టీలుగా కోసే యూటీఎం పద్ధతిలో 44, 45 జోన్లను విడదీసే 84 డిగ్రీల తూర్పు రేఖాంశం గుణుపురానికి, పర్లాకిమిడికి మధ్యనుంచి పోతుంది. జయపురం, రాయగడ, గుణుపురం 44వ జోన్‌లో ఉన్నాయి. పర్లాకిమిడి గీతకు కాస్త అవతల, 45లో. బరంపురం కూడా 45లోనే.

గజపతి, రాయగడ జిల్లాల్లో పనిచేసే ఒకే సర్వే బృందం అలవాటుగా అన్నింటికీ 44 పెట్టుకుంటుంది. పర్లాకిమిడి పాయింట్లను కూడా 44లో కొలిస్తే తప్పేమీ లేదు, గీతకు దగ్గరే కాబట్టి. కానీ క్యూజీఐఎస్ అనే ఉచిత మ్యాపు సాఫ్ట్‌వేర్‌లో తెరిచేవారు ఊరు 45లో ఉందని 45 అని పెడితే మోడల్ వందల కిలోమీటర్ల అవతల తేలుతుంది. అంకె చూసి పట్టుకోవచ్చు: పర్లాకిమిడి ఈస్టింగ్ (తూర్పు దిశగా మీటర్ల అంకె) 8 లక్షలు దాటి ఉంటే అది 44వ జోన్, 2 లక్షలకు కాస్త లోపు ఉంటే 45. నార్తింగ్ (ఉత్తర దిశగా అంకె) రెండింటిలోనూ దాదాపు ఒకటే, 20 లక్షల పైన. గుర్తించాక క్యూజీఐఎస్‌లో 44కు ఈపీఎస్‌జీ కోడ్ 32644, 45కు 32645 ఎంచుకుని ఒకదాన్నుంచి మరొకదానికి మార్చుకోండి.

కిలోమీటర్ల తేడా కాకుండా రెండు వందల మీటర్ల పైచిలుకు పక్కకు జరిగినట్టు కనిపిస్తే జోను తప్పు కాదు. పాత టోపోషీట్ల మీద గీసిన పని అయి ఉంటుంది. ఆ షీట్లు ఎవరెస్ట్ గోళాకృతి మీద వేసినవి, ఇప్పటివి డబ్ల్యూజీఎస్ 84. మొత్తం మోడల్‌ను చేత్తో లాగి సర్దేయడానికి చేయి దురద పెడుతుంది, ఆగండి. క్యూజీఐఎస్‌లో ఎవరెస్ట్ మీద ఆధారపడ్డ సరైన కల్యాణ్‌పూర్ వ్యవస్థ ఎంచుకుని మార్చితే అన్ని మూలలూ ఒకేసారి కూర్చుంటాయి.

ఒక ఊరట ఏమిటంటే, స్విమ్ లెక్కలకు ఈ కోఆర్డినేట్లతో పని లేదు. కాలువ పొడవు వేరే అంకెగా రాసి ఉంటుంది. కాబట్టి ఆటో లెంగ్త్ ఆపి ఉన్నంతవరకు పటం తప్పున్నా ఫలితం తప్పు కాదు. పటం పని తీరిగ్గా చేయవచ్చు.

వాన లెక్కలు

మీరు ఎక్కువ సమయం పెట్టాల్సింది ఇక్కడ.

స్విమ్ తేదీని అమెరికా పద్ధతిలో చదువుతుంది, నెల ముందు, రోజు తర్వాత. తిత్లీ తుపాను 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున పలాస దగ్గర తీరం దాటింది, గజపతి, రాయగడ జిల్లాలను ముంచింది. ఈ ప్రాంతపు మోడల్‌ను సరిచూడటానికి చాలామంది ఆ వాననే తీసుకుంటారు. మన కార్యాలయాల్లో ఆ రోజును 11/10/2018 అని రాస్తాం. స్విమ్ దాన్ని నవంబరు 10 అని చదువుతుంది. రన్ మొదలయ్యే తేదీ అక్టోబరులో ఉంటుంది, వాన నవంబరులో కురుస్తుంది. మోడల్‌లో చుక్క నీరుండదు. ఇది నయం, కనీసం సున్నా కంటికి కనిపిస్తుంది.

కనిపించని రకం ఇంకోటుంది. వాన ఫైలును ఎక్సెల్‌లో తెరిచి సేవ్ చేస్తే, కంప్యూటర్ ప్రాంతీయ అమరికను బట్టి 12వ తేదీ లోపు రోజులు తలకిందులవుతాయి. 13 నుంచి పైన ఉన్నవి నెలగా చెల్లవు కాబట్టి టెక్స్ట్‌గా అలాగే ఉంటాయి. సగం వాన ఒక నెలలో, సగం మరో నెలలో. నెలల తరబడి సాగే నిరంతర రన్ అయితే మొత్తం వాన సరిగ్గానే కనిపిస్తుంది, గరిష్ఠ ప్రవాహాలు మాత్రం వేరే రోజున వస్తాయి. వాన ఫైళ్లను ఎక్సెల్‌లో తెరవకుండా నోట్‌ప్యాడ్ ప్లస్ ప్లస్‌లోనే చూడండి. తెరవక తప్పకపోతే తేదీ కాలమ్‌ను టెక్స్ట్‌గా ఎంచుకుని దిగుమతి చేయండి. ఎక్సెల్ నుంచి అంకెలు అతికించేటప్పుడు 1,00,000 అని లక్షల కామాలు వచ్చి పడుతున్నాయేమో అదీ చూడండి.

వాతావరణ శాఖ రోజువారీ వాన లెక్క ఉదయం 8.30 నుంచి మర్నాడు ఉదయం 8.30 వరకు. 12వ తేదీ పేరు మీద ఉన్న అంకె 11 ఉదయం నుంచి 12 ఉదయం దాకా కురిసినది. అర్ధరాత్రి నుంచి అర్ధరాత్రికి అనుకుని రాసిన పాత ఫైళ్లు చాలా ఉంటాయి. తిత్లీ వంటి వాన 11 తెల్లవారుజామున తీరం దాటింది కాబట్టి దాని వాన రెండు తేదీల కింద పంచుకుని ఉంటుంది. ఒక్క తేదీ అంకె తీసుకుంటే తుపానులో ఒక ముక్కే మీకు దక్కుతుంది.

ఇక రెయిన్‌గేజ్ వరుసలో ఇంటెన్సిటీ, వాల్యూమ్, క్యుములేటివ్ అని మూడు పద్ధతులుంటాయి. 15 నిమిషాల్లో 10 మిల్లీమీటర్లు కురిసిందనుకోండి. వాల్యూమ్ పద్ధతిలో 10 అని రాయాలి, ఇంటెన్సిటీ అయితే గంటకు 40 అని రాయాలి. ఒక సాఫ్ట్‌వేర్ నుంచి మరోదానికి పోయేటప్పుడు ఈ మాట మారిపోతే వాన నాలుగో వంతుకు పడిపోతుంది, లేదా నాలుగింతలవుతుంది. నాలుగింతలైతే ఎవరైనా పట్టుకుంటారు. నాలుగో వంతుకు పడితే "కొత్త సాఫ్ట్‌వేర్‌లో ముంపు తగ్గింది" అని సంతోషించేవారే ఎక్కువ.

పేర్లు, అక్షరాలు

పాత డ్రాయింగుల్లో వీధుల పేర్లు తెలుగులో అను ఫాంటుతోనో, ఒడియాలో ఆకృతి ఫాంటుతోనో టైపు చేసి ఉంటాయి. కొత్త కంప్యూటర్‌లో అవి ఇంగ్లీషు అక్షరాల చిందరవందరగా కనిపిస్తాయి. అవి యూనికోడ్ కావు. పాత ఫాంటు ఉన్న యంత్రంలో పీడీఎఫ్ తీసి పక్కన పెట్టుకోవడం, పేర్లను మళ్లీ యూనికోడ్‌లో టైపు చేయించడం తప్ప దగ్గరి దారి నమ్మదగినది కాదు. అదే ఊరి వీధి తెలుగు పటంలో ఒకలా, ఒడియా పటంలో ఇంకోలా, టెండరు కాగితంలో మరోలా ఉంటుంది కాబట్టి స్థానికుడొకరిని పక్కన కూర్చోబెట్టుకోండి.

నోడ్ల గుర్తింపు పేర్లను మాత్రం ఇంగ్లీషు అక్షరం, అంకెలతో పొట్టిగా, ఖాళీ లేకుండా ఉంచండి. "బజారు వీధి 3" అని మూడు ముక్కలుగా పేరు పెడితే స్విమ్ మొదటి ముక్కను పేరుగా, రెండో ముక్కను అడుగు మట్టంగా చదవబోయి 211 నంబరు తప్పు చూపించి ఆగుతుంది. ఊరి పేరు, వీధి పేరు డిస్క్రిప్షన్ గడిలో రాయండి.

పోల్చే వరుస

ఇప్పుడు కొత్త నివేదిక, పాత నివేదిక పక్కపక్కన పెట్టండి. విన్‌మెర్జ్ వంటి ఉచిత ప్రోగ్రామ్ తేడా ఉన్న వరుసలను రంగు వేసి చూపిస్తుంది. పైనుంచి కిందికి, వాన నుంచి నదికి వెళ్లే క్రమంలోనే పోల్చండి.

మొదట మొత్తం వాన, మిల్లీమీటర్లలో. ఇది దశాంశం దాకా కలవాలి. కలవకపోతే తప్పు తేదీలోనో, కొలమానంలోనో, రెయిన్‌గేజ్ పద్ధతిలోనో ఉంది. మరేదీ వెతకకండి. వాన కలిసి రన్‌ఆఫ్ కలవకపోతే విస్తీర్ణాలు, కప్పబడిన నేల శాతం, ఇంకుడు పద్ధతి చూడండి. హోర్టన్, గ్రీన్ ఆంప్ట్ అనే ఇంకుడు పద్ధతులకు ఇప్పుడు సవరించిన రూపాలు కూడా ఉన్నాయి. పాతదాంట్లో ఏది ఉందో అదే ఎంచుకోండి. రన్‌ఆఫ్ కలిసి కాలువల్లో ప్రవాహం కలవకపోతే ఆఫ్‌సెట్లు, రూటింగ్ (కాలువల్లో నీటిని నడిపించే లెక్క) అమరికలు, కాలాంతరం. ప్రవాహాలు కలిసి ముంపు మాత్రం కలవకపోతే పాండింగ్ (పొంగిన నీరు మ్యాన్‌హోల్ పైన నిలిచి ఉండటం) అనుమతి, ఒక్కో నోడ్‌కు ఇచ్చిన పాండింగ్ విస్తీర్ణం. పాండింగ్ ఆపి ఉంటే మ్యాన్‌హోల్ పొంగిన నీరు మోడల్ నుంచి మాయమవుతుంది, తిరిగి కాలువలోకి రాదు. వేరే సాఫ్ట్‌వేర్ మీదుగా వచ్చిన ఫైళ్లలో ఆ విస్తీర్ణం సున్నాగా మారి ఉంటుందేమో తప్పక చూడండి.

ఎంత తేడా దాకా సరే అనుకోవాలి? ఒకే స్విమ్ ఐఎన్‌పీ, రెండు వెర్షన్లైతే గరిష్ఠ ప్రవాహంలో ఒకటి రెండు శాతం దాటితే కారణం దొరికేదాకా నేను ముందుకు పోను. వేరే కంపెనీ ఇంజను నుంచి వచ్చినదైతే అయిదు శాతం దాకా ఊరుకుంటాను, అది కూడా ప్రధాన కాలువల్లో. చిన్న పిల్ల కాలువల్లో అంకెలు అటూ ఇటూ అవుతాయి, వాటి వెంట పడి లాభం లేదు. నివేదికలోని కంటిన్యుటీ దోషం (వచ్చిన నీటికి, పోయిన, మిగిలిన నీటికి మధ్య లెక్క తేడా) పది శాతం దాటితే ఆ ఫలితాన్ని నమ్మకూడదన్నది సాధారణంగా చెప్పుకునే హద్దు. చిన్న ఊరి మోడల్‌కు అది మరీ ఉదారం, ఒక శాతం లోపు రావాలి.

ఆ తర్వాత దిద్దుబాట్లు

జవాబు కలిసిన ఫైలును ఒక పేరుతో భద్రపరిచి, దానికి కాపీ తీసి అక్కడినుంచి మార్పులు మొదలుపెట్టండి. ఒక్కో మార్పుకు ఒక్కో ఫైలు, ఒక్కో రన్. 02 హెచ్చరికల నోడ్లకు సరైన నేల మట్టాలు, రెండు సర్వేల మధ్య మెట్టు సవరణ, ఆ తర్వాత డైనమిక్ వేవ్. చివరి మార్పు చేశాకే నది మట్టం ప్రభావం తెలుస్తుంది. పర్లాకిమిడి దగ్గర మహేంద్రతనయ నిండుగా పారుతుంటే కాలువ నోట్లోంచి నీరు బయటికి పోలేక వెనక్కి తంతుంది. కైనమాటిక్ వేవ్‌కు ఈ వెనుక తన్నుడు తెలియదు. అవుట్‌ఫాల్‌ను (కాలువ నదిలో కలిసే చోటును) ఫ్రీ అని వదిలేసిన పాత మోడల్‌లో అక్కడ నది మట్టాన్ని కాలక్రమంగా ఇవ్వండి.

రోడ్డు పక్క జాలీలు చివర్లో. 5.2లో స్ట్రీట్స్, ఇన్‌లెట్స్ అని కొత్త విభాగాలు వచ్చాయి. రోడ్డు అడ్డుకోత, జాలీ కొలతలు ఇస్తే ఎంత నీరు కాలువలోకి దిగుతుందో, ఎంత రోడ్డు మీదే పారిపోతుందో లెక్క కడుతుంది. పాత మోడల్‌లో నీరంతా మ్యాన్‌హోల్‌లోకి నేరుగా దూకుతుందని అనుకున్నారు. నిజానికి ఆ జాలీ సగం ప్లాస్టిక్ సంచులతో మూసుకుపోయి ఉంటుంది. అక్కడ క్లాగింగ్ శాతం అని ఒక గడి ఉంది, సున్నా వదిలేయకుండా వీధిలోకి వెళ్లి చూసి నింపండి.

అప్పగించే ఫోల్డరులో పాత ఐఎన్‌పీ, దాని నివేదిక, జవాబు కలిసిన కొత్త ఐఎన్‌పీ, దాని నివేదిక, దిద్దిన ఫైళ్లు వరుస నంబర్లతో, వాన ఫైళ్లు, జోను, మట్టం ఆధారం రాసిన ఒక చిన్న టెక్స్ట్ ఫైలు ఉండాలి. బయటి ఫైళ్ల దారులను అదే ఫోల్డరులోని పేర్లుగా మార్చి, మరో కంప్యూటర్‌లో కాపీ చేసి ఒకసారి రన్ చేయించి చూశాకే పెన్‌డ్రైవ్ ఇవ్వండి.